1947 అక్టోబరు సెటప్‌కి 40 అడుగుల స్టీల్ బాక్స్ కార్: ఈ కిట్ పనికొస్తుందా?

పట్టాలపక్కన (#1)

హెచ్‌వో స్కేల్ మోడల్ రైళ్లు (అసలు కొలతలో 87వ వంతు). నేను పెట్టుకున్న తేదీ 1947 అక్టోబరు, అమెరికా తూర్పు ప్రాంతం, ఆవిరి ఇంజన్లు. చేతిలో రెండు బాక్స్ కార్ (మూసిన సరుకు పెట్టె) కిట్లున్నాయి.

ఒకటి ప్లాస్టిక్‌ది. లోపలి ఎత్తు 10 అడుగుల 6 అంగుళాలు, 6 అడుగుల యంగ్స్‌టౌన్ (గట్లు నొక్కిన ఉక్కు) తలుపు, డయాగొనల్ ప్యానెల్ పైకప్పు, చివరి గోడల మీద ఆర్-3-4 గట్లు, ఏబీ రకం గాలి బ్రేకు. డెకాల్‌లో (నీళ్లతో అతికించే అక్షరాల పొర) "న్యూ 5-49", అంటే 1949 మేలో కొత్తది అని ఉంది. తేదీ ముక్క ఒక్కటీ మార్చేస్తే 1947కి సరిపోతుందా?

రెండోది పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఎక్స్29, రెజిన్. పక్కలూ చివరలూ విడివిడి పలకలుగా వచ్చాయి. దీనికి పాత కె రకం గాలి బ్రేకు పెట్టాలా, ఏబీ పెట్టాలా? డెకాల్ షీట్లో ఆరు కారు నంబర్లున్నాయి, ఏదైనా వేసేయొచ్చా?

రివెట్‌లెక్క (#2)

మొదటి కిట్ 1947కి రాదు. తేదీ ముక్క మారిస్తే కారు వయసు మారదు, పైకప్పూ చివరి గోడలూ పుట్టిన ఏడాదిని చెప్పేస్తాయి. స్టీల్ బాక్స్ కార్ల వరుస ఇదీ:

ఎక్స్29 1924 నుంచి. లోపలి ఎత్తు 8 అడుగుల 7 అంగుళాలు. పక్కన ఇంకే కారు నిలబెట్టినా ఇది పొట్టిగా కనిపిస్తుంది.

1932 ఏఆర్ఏ (అమెరికన్ రైల్వే అసోసియేషన్) స్టాండర్డ్ కారు 9 అడుగుల 4 అంగుళాలు. చివర డ్రెడ్‌నాట్ (అడ్డగట్లు నొక్కిన ఉక్కు గోడ) అయితే 4/4 గట్లు.

1937 ఏఏఆర్ (ఏఆర్ఏ స్థానంలో వచ్చిన సంఘం) స్టాండర్డ్ కారు 10 అడుగులు, 4/5 గట్లు. దాన్నే పెంచి 10 అడుగుల 4, 10 అడుగుల 6 అంగుళాలు చేసినప్పుడు 5/5 అయింది. మూలల్లో డబ్ల్యు ఆకారపు పోస్టు ఈ దశలోనే, 1940ల మొదట్లో వచ్చింది. దాంతో మూల గుండ్రంగా కనిపిస్తుంది. అంతకుముందు కార్లకి మూల నలుచదరం.

గట్లు లెక్కపెట్టేది పైనుంచి కిందికి. 4/5 అంటే పై పలకలో నాలుగు, కింది పలకలో ఐదు.

యుద్ధం చివర్లో ఇంప్రూవ్డ్ డ్రెడ్‌నాట్ వచ్చింది. పాతదానిలో పెద్ద గట్ల మధ్య అంచుల దగ్గర చిన్న గట్లు దూరి ఉంటాయి. కొత్తదానిలో ఒక్కో గట్టూ అప్పడాల కర్రలా నడుమ లావు, చివరలకి సన్నం. ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు. మీ కిట్‌లోని ఆర్-3-4 దీని తర్వాతి రూపం, పైన ఒక సన్నటి గట్టు అదనం. డయాగొనల్ ప్యానెల్ పైకప్పుతో కలిపి చూస్తే 1940ల చివరి కారు. అక్టోబరు 1947లో దానికింకా ఉక్కు కూడా కోయలేదు.

గోడలూ కప్పూ మార్చి వాడుకోవచ్చు కదా అనిపిస్తుంది. పక్కల మీది రివెట్ల వరుసలూ కింది సిల్ (అడుగు దూలం) ఆకారమూ కూడా రైల్‌రోడ్‌ని బట్టి మారతాయి కాబట్టి ఆ శ్రమ గిట్టదు. 5/5 గట్లు, మర్ఫీ నలుచదరపు ప్యానెల్ పైకప్పు ఉన్న కిట్ వెతకండి. ఇది 1950ల సెటప్‌కి దాచుకోండి.

కాగితాలపెట్టె (#3)

నంబర్ల ప్రశ్నకి: ఏదైనా వేయకూడదు. "అఫీషియల్ రైల్వే ఎక్విప్‌మెంట్ రిజిస్టర్" అని ఒకటుంది. ఏ రైల్‌రోడ్ దగ్గర ఏ నంబర్ల వరుసలో ఎన్ని కార్లున్నాయి, లోపలి కొలతలెంత, మోసే బరువెంత అన్నీ అందులో వరుసగా ఉంటాయి. ఏఏఆర్ తరగతి గుర్తులు కూడా: ఎక్స్ఎం అంటే మామూలు బాక్స్ కార్, హెచ్ఎం, హెచ్‌టి హాపర్లు (అడుగు నుంచి బొగ్గు దించే కార్లు), ఆర్ఎస్ ఐసు రీఫర్ (సరుకు చల్లగా ఉంచే కారు), ఎస్ఎం పశువుల కారు, టిఎం ట్యాంక్ కార్, ఎఫ్ఎం ఫ్లాట్ కార్.

వాడే పద్ధతి: మీ తేదీకి దగ్గరి సంచిక ఒకటి, ఐదారేళ్ల ముందరిది ఒకటి పక్కపక్కన పెట్టండి. మీ నంబరు వరుస రెండింటిలో ఉందా, కార్ల సంఖ్య తగ్గిందా, కొలతలు మారాయా చూడండి. ఒక వరుసలో 1000 కార్లుండి తర్వాతి సంచికకి 940 అయి, పక్కనే కొత్త వరుస ఒకటి మొలిచిందంటే ఆ 60 కార్లు తిరిగి కట్టించుకుని కొత్త నంబర్లు తీసుకుని ఉండొచ్చు. అడుగున సన్న అక్షరాల గమనికలు వదలకండి. "పై వరుసలో ఫలానా నంబర్లకి వేరే తలుపు" లాంటివన్నీ అక్కడే దాగుంటాయి.

రిజిస్టర్ చెప్పనివి: గట్లు, పైకప్పు రకం, ట్రక్కులు (చక్రాల చట్రాలు), రంగు. వాటికి ఫొటోయే దిక్కు.

పట్టాలపక్కన (#4)

ఫొటో ఒకటి దొరికింది, వేరే రైల్‌రోడ్ కారు. పక్క నుంచి తీసింది. చివరి గోడ అంచు మాత్రమే కనిపిస్తోంది, కప్పు అసలు లేదు. కొలత తెలిసే మార్గం ఉందా?

రివెట్‌లెక్క (#5)

ఉంది. తెలిసిన కొలతతో మొదలుపెట్టాలి. 50 టన్నుల కార్లలో ఎక్కువ ట్రక్కుల చక్రాల దూరం 5 అడుగుల 6 అంగుళాలు, అంటే 66 అంగుళాలు. చక్రం 33 అంగుళాలు. (మన వాడుకలో బోగీ అంటే పెట్టె మొత్తం. ఇక్కడ ట్రక్ అన్నది నాలుగు చక్రాల చట్రం ఒక్కటే. కలగాపులగం కాకుండా ట్రక్ అనే అందాం.)

ఫొటోలో రెండు ఇరుసుల మధ్య దూరం 33 మి.మీ. వచ్చిందనుకోండి, 1 మి.మీ.కి 2 అంగుళాలు. అదే చోట పక్క గోడ కింది అంచు నుంచి చూరు దాకా 62 మి.మీ. ఉంటే 124 అంగుళాలు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అది లోపలి ఎత్తు కాదు. లోపలి ఎత్తు నేల పలక నుంచి కప్పు కింది కమ్మీ దాకా లెక్క, బయటి గోడ దానికి పైనా కిందా సాగుతుంది. కాబట్టి ఈ సంఖ్యని లోపలి ఎత్తు తెలిసిన ఇంకో కారు ఫొటోలో ఇలాగే తీసిన సంఖ్యతో పోల్చండి.

ట్రక్కు కారు పక్క గోడ కంటే లోపలికి ఉంటుంది, కెమెరాకి కాస్త దూరం. అందుకే దాన్ని కొలబద్దగా వాడితే గోడ ఉన్నదానికంటే కొంచెం పెద్దగా వస్తుంది. ఏటవాలుగా తీసిన ఫొటోలో ఒకే నిష్పత్తితో పొడవులు కొలవనే వద్దు. ట్రక్కుకి సరిగ్గా పైనున్న నిలువు కొలతలొక్కటే నమ్మండి.

కప్పు కనిపించకపోయినా చూరు అంచున ప్యానెళ్ల అతుకుల కొసలు కనిపిస్తాయి. గట్ల సంఖ్యకి చివరి గోడ అంచు మీద పడ్డ నీడలు లెక్కపెట్టండి.

దుమ్మురంగు (#6)

ఫొటో నుంచి రంగు మాత్రం తీయకండి. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ములో ఎరుపు దాదాపు నల్లగా పడుతుంది. దాన్ని చూసి "ఈ కారు నలుపు" అని వేసేసిన మోడళ్లు చాలా ఉన్నాయి. తయారీదారు తీసిన ఫొటోల కథ వేరు, అవి కారు ఎప్పుడూ మళ్లీ కనబడనంత శుభ్రంగా ఉన్న రోజువి.

ఇంకోటి, 1958 రంగు ఫొటో చూసి 1947 కారుకి రంగు కలపొద్దు. పదకొండేళ్లలో మళ్లీ పెయింట్ పడి ఉండొచ్చు, గుర్తు కూడా మారి ఉండొచ్చు. ఎక్స్29కి 1947లో వృత్తం లోపల కీస్టోన్ (కమాను నడిమి రాయి ఆకారం) గుర్తు. నీడతో ఉన్న కీస్టోన్ 1954లో వచ్చింది.

ఏబీవాల్వ్ (#7)

బ్రేకు సంగతి. కొత్త కార్లకి ఏబీ 1933 నుంచి తప్పనిసరి. పాత కార్ల మీది కె బ్రేకుకి ఇచ్చిన గడువు యుద్ధం వల్ల పొడిగిస్తూ పోయారు, ఇంటర్‌చేంజ్‌లో (ఒక రైల్‌రోడ్ కారు ఇంకోదాని మీదికి వెళ్లడంలో) నిషేధం నిజంగా అమలైంది 1953లో. కాబట్టి 1947లో ఎక్స్29 రెండు రకాలుగానూ తిరిగింది. మీ నంబరు ఫొటో ఉంటే అదే చెబుతుంది. లేకపోతే మీ ఇష్టం, తప్పు పట్టేవాడు లేడు. 1937 ఏఏఆర్ కారుకి మాత్రం కె పెడితే తప్పే.

తేడా తేలిక. కె రకంలో సామాన్యంగా సిలిండర్, రిజర్వాయర్, ట్రిపుల్ వాల్వ్ ఒకే ముద్దగా ఉంటాయి. ఏబీలో మూడూ విడివిడి: రెండు గదుల రిజర్వాయర్, సిలిండర్, ఏబీ వాల్వ్.

వాల్వ్ నుంచి పైపులు ఐదు, ఒక్కటి మర్చిపోయినా తెలిసినవాడికి కనబడుతుంది. రిజర్వాయర్‌కి రెండు (ఆగ్జిలరీ గదికి ఒకటి, ఎమర్జెన్సీ గదికి ఒకటి), సిలిండర్‌కి ఒకటి, డర్ట్ కలెక్టర్ మీదుగా ట్రెయిన్ లైన్‌కి (రైలు పొడవునా సాగే గాలి పైపు) ఒకటి, బి-ఎండ్‌లో చేతిబ్రేకు దగ్గరున్న రిటైనర్ వాల్వ్‌కి సన్నటిది ఒకటి. చేతిబ్రేకు చక్రం ఉన్న కొసే బి-ఎండ్.

లావులు: ట్రెయిన్ లైన్ అంగుళంపావు పైపు, బయటి కొలత 1.66 అంగుళాలు. 87తో భాగిస్తే దాదాపు 0.5 మి.మీ. తీగ. మిగతా పైపులకి 0.3 నుంచి 0.4, బ్రేకు రాడ్లకి 0.3. ఇనుప తీగ వద్దు, ఫాస్ఫర్ బ్రాంజ్ వాడండి. తుప్పు పట్టదు, వంచిన చోట విరగదు.

లీవర్లు రెండు. సిలిండర్ లీవర్‌కి ఒక కొస పిస్టన్, నడుమ రెండో లీవర్‌కి వెళ్లే రాడ్, ఇంకో కొస ట్రక్కుకి. రెండో లీవర్‌కి ఒక కొస చట్రానికి బిగింపు, నడుమ ఆ రాడ్, ఇంకో కొస అవతలి ట్రక్కుకి. చేతిబ్రేకు గొలుసు నుంచి వచ్చే రాడ్ పిస్టన్ ఉన్న కొసనే లాగుతుంది. ఇది అర్థమైతే ఏ కారు కిందైనా బొమ్మ లేకుండానే కట్టేయొచ్చు.

తప్పు జరిగేది చివర్లో. రాడ్లన్నీ అతికించాక ట్రక్కులు పెడితే చక్రం రాడ్‌కి తగులుతుంది, వంపులో కారు పట్టాలు తప్పుతుంది. తాత్కాలికంగా ట్రక్కులు బిగించి, రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసుకుంటూ ఒక్కో రాడ్ అతికించండి. రాడ్‌ని ట్రక్కు బోల్‌స్టర్ (అడ్డ దూలం) దాకా తీసుకెళ్లకుండా కాస్త ముందే ఆపేయండి, నిలబడి చూసేవాడికి అది కనబడదు.

జిగురుచేతులు (#8)

పలకల రెజిన్ కిట్‌ని ఈ క్రమంలో కట్టండి.

ముందు కడగాలి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్షు. అచ్చు విడిపించే రసాయనం మిగిలిపోతే పెయింటు మాస్కింగ్ టేపుతో పాటు ఊడొస్తుంది. కట్టడం అయ్యాక, రంగు ముందు ఇంకోసారి కడగండి, ఈసారి వేళ్ల నూనె పోవడానికి.

పలక వంకరగా ఉంటే బాగా వేడి నీళ్లలో నిమిషం ఉంచి, గాజు పలక మీద పెట్టి పైన ఇంకో గాజు పెట్టి చల్లారనివ్వండి. చేత్తో వంచి సరిచేస్తే రెండు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

అంచుల పొర తీయడానికి తడి ఇసుకకాగితం. ఈ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అందుకే నీళ్లు. గాజు మీద కాగితం పరిచి పలకని దాని మీద రుద్దండి. కాగితాన్ని పలక మీద రుద్దితే అంచు గుండ్రమై మూలలో సందు పడుతుంది.

ప్లాస్టిక్ సిమెంటు రెజిన్‌ని అంటించదు. సయనోయాక్రిలేటే, చిక్కటి రకం. మొదట ఒక పక్క, ఒక చివర కలిపి "ఎల్" చేయండి, మూలమట్టంతో చూసి. అలాంటివే రెండు ఎల్‌లు. వాటిని కలిపితే పెట్టె. నాలుగూ ఒకేసారి నిలబెట్టబోతే నాలుగో మూల కలవనే కలవదు. లోపల మూలల్లో చదరపు స్టైరిన్ (ప్లాస్టిక్) ముక్కలు అతికిస్తే కింద పడినా విడిపోదు.

నేల మూసేముందు బరువు. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైళ్ల సంఘం) సిఫార్సు: 1 ఔన్సు, ఆ పైన కారు పొడవులో ప్రతి అంగుళానికీ అర ఔన్సు. 40 అడుగుల కారు మోడల్లో సుమారు 5.7 అంగుళాలు, అంటే దాదాపు 3.85 ఔన్సులు, 109 గ్రాములు. ట్రక్కులూ కప్లర్లూ (కార్లని కలిపే కొక్కేలు) కలిపి తూచండి. రెండు ట్రక్కుల మీద సమంగా పడేలా, నేలకి ఆనించి అతికించండి. కప్పుకి అతికిస్తే కారు ఊగుతుంది.

చేతి పట్టీలకి 0.32 మి.మీ. తీగ, 80వ నంబరు డ్రిల్. ఆ డ్రిల్ 0.34 మి.మీ., సరిగ్గా దూరుతుంది. 18 అంగుళాల పట్టీ మోడల్లో 5.25 మి.మీ. గోడ నుంచి ఎంత దూరం నిలబడాలో అంత మందం స్టైరిన్ ముక్క వెనక పెట్టి, తీగ దూర్చి, లోపలి వైపు నుంచి జిగురు. బయట జిగురు పెడితే పెయింటు కింద బొట్టులా తేలుతుంది.

పట్టాలపక్కన (#9)

కప్లర్ ఎత్తు? ట్రక్కులు పెట్టి చూస్తే ఒక కొస వంగినట్టుంది.

జిగురుచేతులు (#10)

నేల సమంగా అతకలేదన్నమాట. అసలు కారులో కప్లర్ మధ్య ఎత్తు పట్టా నుంచి 34½ అంగుళాలు, దానికంటే పెరగకూడదు. మన స్కేల్లో 10 మి.మీ. చిల్లర. గేజ్‌తో చూడండి, కంటితో కాదు. తక్కువగా ఉంటే ట్రక్కుకీ బోల్‌స్టర్‌కీ మధ్య సన్నటి ఫైబర్ వాషర్ వేయండి. ట్రక్కు మరలు: ఒకటి తిరిగేంత మాత్రం వదులు, పక్కకి ఊగకుండా. రెండోది ఊగేంత వదులు. మూడు కాళ్ల పీటలా నిలబడుతుంది, ఎగుడుదిగుడు పట్టాల మీద కూడా ఎనిమిది చక్రాలూ ఆనతాయి.

కాగితాలపెట్టె (#11)

డెకాల్ తప్పులు పట్టుకునే చిన్న లెక్క. ఖాళీ బరువు (ఎల్‌టి డబ్ల్యుటి), మోయగల గరిష్ఠ బరువు (ఎల్‌డి ఎల్‌ఎంటి) రెండూ కలిపితే ట్రక్కుల తరగతికి కట్టిన మొత్తం రావాలి. 1947లో 40 టన్నుల కారుకి 136,000 పౌండ్లు, 50 టన్నులకి 169,000, 70 టన్నులకి 210,000. 1963లో ఇవి 142,000, 177,000, 220,000 అయ్యాయి.

ఉదాహరణకి 50 టన్నుల కారు ఖాళీ బరువు 45,300 అయితే రెండోది 123,700 ఉండాలి. మీ షీట్లో 131,700 ఉందంటే ఆ అక్షరాలు 1963 తర్వాతివి, 1947 కారు మీద వేయకూడదు.

ఖాళీ బరువు పక్కన తూచిన చోటు గుర్తు, నెల-ఏడాది ఉంటాయి. కొత్త కారుకి చోటు గుర్తు బదులు "న్యూ". ఆ తర్వాత కొన్నేళ్లకోసారి మళ్లీ తూచి తేదీ మార్చాల్సి ఉండేది. 1947లో తిరిగే కారు మీద "న్యూ 4-37" అలాగే ఉంటే పదేళ్లు ఎవరూ తూచలేదన్నమాట. ఇలాంటి తప్పు కిట్ డెకాల్స్‌లో మామూలే, షీట్ తయారుచేసేవాళ్లు కారు కట్టిన రోజు ఫొటో చూసి గీస్తారు కాబట్టి.

దుమ్మురంగు (#12)

దీన్ని రంగుగా కూడా చూపించొచ్చు. మళ్లీ తూచినప్పుడు పాత అంకెల మీద చిన్న చతురస్రం పెయింటు కొట్టి కొత్తవి రాస్తారు. ఆ చతురస్రం చుట్టూ ఉన్న గోడ కంటే తాజాగా, ఒక పిసరు ముదురుగా ఉంటుంది. క్రమం: మొత్తం కారు మురికి చేయండి, మురికి మీద చతురస్రం వేయండి, దాని మీద కొత్త తేదీ డెకాల్, ఆ చోటు మీద మాత్రం చాలా పలచటి ఇంకో పొర. ముందే వేసి మాస్క్ చేస్తే అంచు గట్టుగా తేలుతుంది.

కప్పు: ఆ కాలపు స్టీల్ కప్పుల ప్యానెళ్లు చాలావరకు జింకు పూత పూసినవి. పెయింటు దానికి సరిగా అంటదు, పెచ్చులుగా లేచిపోతుంది. కింద బూడిద-వెండి రంగు బయటపడుతుంది. అందుకే కప్పు మీద తుప్పు రంగు పులమకండి, పెచ్చులు చూపించండి. ముందు మెటల్ గ్రే, పైన హెయిర్‌స్ప్రే, దాని మీద ఆక్రిలిక్ రంగు, తడి బ్రష్షుతో గీకడం. ప్యానెళ్లన్నీ ఒకేలా వద్దు.

డెకాల్ అడుగున మెరిసే పూత ఉండాలి. గరుకు రంగు మీద వేస్తే అడుగున గాలి నిలిచి వెండిలా మెరుస్తుంది. రివెట్ల మీద ఆరాక సూదితో పొడిచి, సాల్వాసెట్ లాంటి గట్టి సెట్టింగ్ ద్రావణం మళ్లీ పెట్టండి. ద్రావణం పెట్టిన తర్వాత డెకాల్ ముడతలు పడి భయపెడుతుంది. ముట్టుకోకండి, అదే సర్దుకుంటుంది.

మ్యాట్ వార్నిష్ మీద ఐసోప్రొపైల్ వాష్ వేస్తే తెల్లగా పాలుకారినట్టవుతుంది. కావాలని చేస్తే వెలిసిన రంగు, తెలియక చేస్తే కారు పాడు. పాడైతే మళ్లీ పలచటి వార్నిష్ కొడితే చాలామటుకు పోతుంది.

రివెట్‌లెక్క (#13)

ఎక్స్29 గురించి రెండు మాటలు. మొదటి కార్లకి చివర చదునైన ఉక్కు పలకలు, తర్వాతి వాటికి డ్రెడ్‌నాట్. తలుపులు కూడా మొదట మూడు పలకల క్రెకో రకం, తర్వాత యంగ్స్‌టౌన్. డెకాల్‌లోని ఆరు నంబర్లూ ఒకే రకానివని నమ్మకండి, మీ రెజిన్ చివరలకి సరిపడే నంబరే ఎంచుకోండి. పక్క గోడల అడుగు తుప్పు పట్టి చాలా కార్లకి సిల్ పొడవునా అతుకు పలకలు వేశారు. కావాలంటే 0.13 మి.మీ. స్టైరిన్ పట్టీ కింది అంచున అతికించి, రివెట్ డెకాల్స్ ఒక వరుస వేయండి.

ఆర్చ్‌బార్ ట్రక్కులు (ఇనుప పట్టీలు బోల్టులతో బిగించిన పాత రకం) ఏ ఇంటర్‌చేంజ్ కారుకీ పెట్టకండి, 1940 తర్వాత అవి నిషేధం. పెద్ద ప్రకటన బొమ్మలున్న బిల్‌బోర్డ్ రీఫర్లు 1937 తర్వాత లేవు, ఎంత ముద్దొచ్చినా సరే.

ఏబీవాల్వ్ (#14)

చెక్క రన్నింగ్ బోర్డు (కప్పు మీద నడిచే దారి) ఉంటే 1947కి తప్పని ఎక్కడో చదివాను, అది సరికాదు. ఉక్కు జాలీ రన్నింగ్ బోర్డు కొత్త కార్లకి 1940ల మధ్య నుంచి. అంతకుముందు కట్టిన కారు మీద మూడు చెక్క పలకలే ఉంటాయి. ఎక్స్29 మీద చెక్కే వేయండి. కొసల్లో ఒకటి రెండు పలకలు వేరే రంగులో ఉంటే ఇంకా బావుంటుంది, విరిగినవి ఒక్కొక్కటే మార్చేవారు.

పట్టాలపక్కన (#15)

అంటే ప్లాస్టిక్ కిట్ పెట్టెలోకి, ఎక్స్29 బల్ల మీదకి. ఇంకో ప్రశ్న. మిగతా బాక్స్ కార్లు ఏ రైల్‌రోడ్లవి పెట్టాలి? స్థానికంవే ఎక్కువ ఉండాలా?

కాగితాలపెట్టె (#16)

బాక్స్ కార్లకి అక్కర్లేదు. అవి దేశమంతా తిరుగుతాయి, ఖాళీ అయిన చోట మళ్లీ సరుకు ఎక్కించుకుని ఇంకోవైపు పోతాయి. కాబట్టి మీ రైల్లో పరాయి బాక్స్ కార్లు ఆయా రైల్‌రోడ్ల మొత్తం కార్ల సంఖ్యకి అనులోమంగా ఉంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ రెండూ పెద్ద మందలు, ఎక్కడ చూసినా కనబడతాయి. కెనడియన్ నేషనల్, కెనడియన్ పసిఫిక్ కూడా ఒకటి రెండు. పేరు బాగుందని చిన్న రైల్‌రోడ్ కార్లు పది పెడితే బ్యాలెన్స్ పోతుంది. చిన్నవాటికి మొత్తంలో ఒకటి చాలు.

హాపర్లకి ఈ లెక్క వర్తించదు. బొగ్గు గని నుంచి వాడే చోటికి, ఖాళీగా మళ్లీ గనికి. అవి దారి తప్పవు. ట్యాంక్ కార్లు ఎక్కువగా యూటిఎల్ఎక్స్, జిఎటిఎక్స్ లాంటి ప్రైవేటు కంపెనీల గుర్తులవి. వాటిని చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ ఉందో చూసి పెట్టండి.

పట్టాలపక్కన (#17)

చివరలు చదునైన పలకలే, డ్రెడ్‌నాట్ కాదు, ఇప్పుడే చూశాను. నంబర్లు ఆరింటిలో రెండే మిగిలాయి. ఆ రెండింటిలో ఒకదానికి ఫొటో ఉంది, కింద సిలిండర్ ఆకారం మసకగా కనిపిస్తోంది. ఒకే ముద్ద.

ఏబీవాల్వ్ (#18)

అయితే కె. ఆ నంబరే వేయండి. చేతిబ్రేకు కూడా చూడండి, నిలువు కడ్డీ మీద అడ్డంగా పడుకున్న చక్రమా, గోడకి నిలువుగా ఉన్న గేరు చక్రమా? నిలువు కడ్డీ అయితే కింద కాలు పెట్టే చిన్న మెట్టూ, దాని పక్కన రాచెట్ పళ్లూ ఉంటాయి. కిట్లో సాధారణంగా మెట్టు ఇస్తారు, రాచెట్ ఇవ్వరు. 1 మి.మీ. స్టైరిన్ కడ్డీ నుంచి పలుచని బిళ్ల కోసి, అంచున నాలుగు గాట్లు పెడితే సరిపోతుంది.